మిరప బస్తాల పక్కన సముద్రం

మార్చి నెల వచ్చిందంటే మా ఇంట్లో సోఫా బయటికి పోతుంది, మిరపకాయలు లోపలికి వస్తాయి. కల్లంలో ఎండబెట్టి, తాలుకాయలు ఏరి, బస్తాల్లోకి తొక్కిన కాయలు కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ ఎక్కడో ఒకచోటు మా హాలు. గోడవారగా, కిటికీ సగం మూసుకుపోయేలా, ఒకదాని మీద ఒకటి బస్తాలు. సోఫా వసారాలో కూర్చుని ఎండ కాచుకుంటుంది. చుట్టాలెవరన్నా వస్తే సోఫాని చూసి జాలిపడతారు, బస్తాలని చూసి రేటు అడుగుతారు, ఆ తర్వాత తుమ్ముతారు. ఈ వరసలో తేడా నేనెప్పుడూ చూడలేదు.

నిరుడు ఆ హాల్లో కొత్తగా ఇంకొకటి చేరింది. నా అక్వేరియం. అదీ మామూలుది కాదు, ఉప్పునీటిది.

మంగళగిరిలో నాతో పనిచేసే ఒకతనికి పెళ్లి కుదిరింది. కాబోయే భార్య అక్వేరియం చూసి "ఈ చేపలా, నేనా?" అని అడిగిందట. అతను జవాబు సరైనదే చెప్పాడు గానీ, చెప్పేముందు కాస్త ఎక్కువసేపు ఆలోచించాడట. దాంతో చేపలు వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అలా మా ఇంటికి వచ్చాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చిన్న చేపలు రెండు, వాటికి తోడు నాలుగు రాళ్లు, దోసెడు ఇసుక. వాటిని క్లౌన్ చేపలంటారు. పేరుకి జోకర్లు, మొహాలు మాత్రం పంచాయతీలో తీర్పు చెప్పే పెద్దమనుషుల్లా ఉంటాయి.

నీళ్లు నేనే వాడరేవు నుంచి తెచ్చేవాణ్ణి. అలల్లో మోకాళ్ల లోతున నిలబడి క్యాన్లు నింపుతుంటే, ఒడ్డున నడుస్తున్న పెద్దాయన ఒకాయన ఆగి, చాలా బాధ్యతగా, "బాబూ, అవి ఉప్పునీళ్లు" అని చెప్పాడు. థాంక్సండీ అన్నాను.

ఇంటికొచ్చే వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "కూరకి పనికొస్తాయా?"

"రావండీ."

"మరి?"

ఆ "మరి?" రాగానే నేను కాఫీ తెస్తానని లేచేవాణ్ణి.

అమ్మ మాత్రం వారం తిరక్కుండానే వాటికి అలవాటుపడింది. పొద్దున్నే వాటికి మేత వేసి, మా నాన్న మీద ఉన్న ఫిర్యాదులన్నీ వాటికి చెప్పేది. అవి నోరు తెరిచి మూసేవి. "చూడు, ఊఁ కొడుతున్నాయి" అనేది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఊఁ కొట్టే మనిషి లేడని దానర్థం.

మా నాన్నకి మాత్రం ఆ పెట్టె గిట్టలేదు. ఆయన లెక్కలో నీళ్లు ఉండాల్సిన చోట్లు మూడే: బోరు, కాలవ, బిందె. హాల్లో మిరపకాయల పక్కన గాజుపెట్టెలో నీళ్లు పెట్టడమంటే, గడ్డివాము పక్కన పొయ్యి పెట్టడం. తడి తగిలిన కాయ బూజు పడుతుంది, రంగు పోతుంది, ఆ ఒక్క బస్తా వల్ల కొనేవాడు మిగతా బస్తాలన్నిటినీ అనుమానంగా చూస్తాడు. ఏడాదంతా పడ్డ కష్టం ఆ గోడవారగా నిలబడి ఉంది. ఆ మాట నిజమే. ఆయన దాన్ని చెప్పిన తీరే కొంచెం నాటకంగా ఉంది. హాలు మధ్యలో నిలబడి, కండువా దులిపి భుజానేసుకుని, ప్రకటించాడు.

"ఒరేయ్! నా కాయల మీద ఒక్క చుక్క పడిందా, ఆ పెట్టె తీసుకుపోయి సాగరు కాలవలో కుమ్మరిస్తా. చెప్తున్నా!"

"అది మంచినీళ్ల కాలవ నాన్నా. ఇవి బతకవు."

"అది వాటిష్టం."

సరే, చుక్క పడకుండా చూసుకుంటే చాలు అనుకున్నాను. కానీ గొడవ రెండోవైపు నుంచి వచ్చింది. నీళ్లు కాయల మీద పడలేదు, కాయలే నీళ్ల మీద పడ్డాయి.

మిరప బస్తాలున్న ఇంట్లో గాలిలో ఎప్పుడూ ఘాటు ఉంటుంది. మాకది తెలియదు, పుట్టినప్పట్నుంచీ పీలుస్తున్నాం. ఆ సన్నటి పొడి అక్వేరియం నీళ్ల మీద వాలి, మిరపకాయలో ఉండే నూనెతో కలిసి, ఎర్రటి పొరలా కట్టింది. పులుసు చల్లారాక పైన తేలే నూనె ఉంటుంది చూడండి, అలా. ఆ పొర ఉంటే నీళ్లలోకి గాలి దిగదు. నాలుగు రోజులకల్లా చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడటం మొదలుపెట్టాయి.

అమ్మ కంగారుపడింది. "కారం తగిలి ఎక్కిళ్లు వస్తున్నాయేమోరా. నీళ్లు తాగించు."

"అమ్మా, అవి ఉన్నదే నీళ్లలో."

"ఆ నీళ్లు కాదురా, మంచినీళ్లు."

న్యూసుపేపరు పరిచి పొరని అద్ది తీశాను. సాయంత్రానికి మళ్లీ కట్టింది. మళ్లీ తీశాను. మర్నాటికి మళ్లీ. ఇలా రోజూ పేపరు పరుస్తుంటే మా నాన్న చూసి, "చదివి వినిపిస్తున్నావా వాటికి?" అన్నాడు. బస్తాలు కదిలేదాకా పొర వస్తూనే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ ముందు ట్రాక్టర్ల వరస చూస్తే బస్తాలు ఉగాదికి కూడా కదిలేలా లేవు. అప్పటిదాకా చేపలు ఉండవు.

ఇంటర్నెట్లో వెతికితే ఒకటే మందు కనిపించింది. సంపు, ఓవర్‌ఫ్లో. సంపంటే మన ఇళ్ల ముందు మూతేసి ఉండేది కాదు. అక్వేరియం కింద ఇంకో తొట్టి పెట్టడం, అంతే. పైన నీళ్లు అంచుకి రాగానే, పైపొర నీళ్లు మాత్రమే ఒక పైపులోంచి కింది తొట్టిలోకి దిగాలి. అక్కడ వడకట్టుకున్నాక చిన్న మోటారు వాటిని మళ్లీ పైకి పంపాలి. పొర పుట్టింది పుట్టినట్టే కిందికి పోతుంది. సముద్రం ఒడ్డున అలలు చేసే పనే ఇది, ఇక్కడ కరెంటుతో.

ఒకటే చిక్కు. ఆ పైపు పెట్టాలంటే అక్వేరియానికి బెజ్జం ఉండాలి. నా దానికి లేదు.

బెజ్జం అనే మాట మా బావ చెవిన పడింది. అక్క మొగుడు. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో పని. రాతికి బెజ్జాలు వేసి వేసి, బెజ్జం లేని వస్తువు కనపడితే మనిషికి అదోలా ఉంటుంది. ఆదివారం డైమండు బిట్టు సంచిలో వేసుకుని దిగాడు.

"ఏరా బామ్మర్దీ, కొండలకే బొక్కలు వేస్తన్నాం. గాజుపెట్టె ఎంత?"

"బావా, ఇందులో చేపలున్నాయి. ముందు వేరే గాజు మీద వేసి చూపించు."

"నమ్మకం లేదా?"

"నీ మీదుంది బావా. గాజు మీద లేదు."

వేరే గాజు కోసం వెతికితే వసారాలో టీపాయి కనపడింది. దాని మీద గాజు పలక తీసి, నేల మీద గోనెసంచి పరిచి పెట్టాడు. నీళ్లు చల్లమన్నాడు, చల్లాను. బిట్టు ఆనించాడు. ఒక్క క్షణం "సుయ్" మంది. మరుక్షణం టీపాయి గాజంతా పటికబెల్లం పలుకుల్లా రాలిపోయింది. బావ చేతిలో డ్రిల్లు అలాగే తిరుగుతోంది, కింద బెజ్జం వెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. అల్లుడు కాబట్టి, "కాఫీ తాగుతారా బాబూ?" అని అడిగింది. అడిగాక, "ఎక్కడ పెట్టనూ?" అని కూడా అడిగింది.

బావ డ్రిల్లు సంచిలో పెట్టుకుంటూ, "గ్రానైటుకున్న ఓర్పు గాజుకి లేదురా" అన్నాడు. మనుషుల గురించి మాట్లాడుతున్నంత బాధగా అన్నాడు.

బెజ్జం లేకుండానే పని జరిగే దారి కూడా ఒకటుంది. పైపు అంచు మీదుగా ఎక్కి అవతలికి దిగాలి. లోపలి పైపు మూతి నీటి మట్టానికి సరిగ్గా అమరాలి, అవతల దిగిన పైపు ఒకసారి వంపు తిరిగి మళ్లీ పైకి లేచి అప్పుడు కింది తొట్టిలోకి పడాలి. ఆ వంపులో నీళ్లు నిలబడి ఉంటాయి కాబట్టి మోటారు ఆగినా పైపులోకి గాలి దూరదు. మళ్లీ మోటారు తిరగ్గానే నీళ్లు వాటంతటవే నడుస్తాయి.

చిలకలూరిపేటలో పైపుల కొట్టుకెళ్లి ఎల్బోలు, టీలు, బెత్తెడు బెత్తెడు ముక్కలు అడిగితే, కొట్టాయన "బాత్రూమా, పొలమా?" అన్నాడు.

"చేపలకండీ."

ఆయన మర్యాద ఒక్కసారిగా పెరిగింది. "ఎన్నెకరాలండీ చెరువు?"

టీవీ స్టాండంత ఉంటుందని చెప్పాను. మర్యాద మళ్లీ మామూలుకి వచ్చింది.

కింది తొట్టికి అమ్మ దుప్పట్లు దాచుకునే ప్లాస్టిక్ టబ్బు సరిపోయింది. దుప్పట్లని ఖాళీ మిరప బస్తాలో పెట్టాను. ఆ తర్వాత ఆ దుప్పటి కప్పుకున్న వాళ్లు ఏమయ్యారో వేరే కథ. పైపు మూతికి రంపపు బ్లేడుతో గాట్లు పెట్టాను, చేప దూరకుండా. అంతా అతికించి అంచు మీద తగిలించాక, పైపులో గాలి లాగేస్తే నీళ్లు ఎక్కాలి. మా నాన్న అప్పటిదాకా గడపకి ఆనుకుని చోద్యం చూస్తున్నాడు.

"పక్కన బొక్క లేకుండా నీళ్లు గోడెక్కి దూకుతాయా? నవ్విపోతారు."

"గాలి లాగితే ఎక్కుతాయి నాన్నా."

"గాలి లాగడమా? జరుగు." ట్రాక్టరు డీజిలు క్యానులోకి దించిన అనుభవం ఉన్న మనిషి. పైపులోకి దూర్చిన సన్న గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చాడు. పొలంలో పీల్చినట్టే పీల్చాడు. నీళ్లు ఎక్కాయి, దిగాయి, టబ్బులో పడ్డాయి. అందులో కొన్ని ఆయన నోట్లో పడ్డాయి. కళ్లు పెద్దవి చేసుకుని, ఉమ్మడానికి చోటు కోసం చూసి, చుట్టూ మిరపకాయలే ఉండేసరికి, మింగాడు.

"ఎలా ఉన్నాయి?" అంది అమ్మ. "ఉప్పు సరిపోయిందా? నేనేది వండినా తక్కువంటావుగా."

మోటారు నీళ్లు పైకి పంపే పైపు కొస అక్వేరియంలో బాగా లోపలికి ఉంది. కరెంటు పోయి మోటారు ఆగితే, అదే పైపు వెనక్కి పీల్చుకుని పై నీళ్లన్నీ కిందికి దించేస్తుంది. దానికి విరుగుడు చాలా చిన్నది. నీటి మట్టానికి కాస్త పైన ఆ పైపుకి సన్న బెజ్జం ఉంటే చాలు. నీళ్లు ఆగగానే అందులోంచి గాలి దూరి పీల్పు తెగిపోతుంది. మేకు కాల్చి బెజ్జం పెట్టాను. మోటారు ఆపి చూశాను. టబ్బులో నీళ్లు కొంత లేచి, అంచుకి బెత్తెడు కింద బుద్ధిగా ఆగాయి. ఈ పరీక్షప్పుడు మా నాన్న పొలంలో ఉన్నాడు. ఇంట్లో ఉండి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

పూట గడవకముందే పొర మాయమైంది. నీళ్లు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. చేపలు కిందికి దిగి రాళ్ల మధ్య తిరుగుతున్నాయి. టబ్బులో నీళ్లు వడకట్టడానికి కట్టిన నా పాత సాక్సు ఎర్రగా, నూనె నూనెగా అయింది. అమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసి, "వేడి చేస్తే తాలింపుకి సరిపోయేట్టుంది" అంది. నేను దాన్ని వెంటనే ఉతికేశాను, ఆమె మాటలని నమ్మడానికి లేదు.

రెండు రోజులు అందరం సుఖంగా ఉన్నాం. మూడో రోజు నేను ఆఫీసుకి వెళ్లాను.

సాయంత్రం బస్సు దిగి హైవే పక్కన బండి తీస్తుంటే అమ్మ ఫోను. "ఒరేయ్, ఎక్కడున్నావు? నీళ్లు... ఏమయ్యా, ఆపకు, ఆపకు!" అని పెట్టేసింది. ఆపొద్దన్నది నన్ను కాదని అర్థమైంది. ఊరి మొదట్లో కరెంటు స్తంభం దగ్గర జనం మూగి ఉన్నారు. పైకి, పక్కలకి పెంచి కట్టిన పత్తి లోడు లారీ ఒకటి వైరు తెంపుకుని వెళ్లిందట. డ్రైవరు తనకేమీ తెలియదంటున్నాడు, లోడు మీద ఇంకా వైరు వేలాడుతోంది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి హాలు మసక మసకగా ఉంది. మా నాన్న లుంగీ ఎగ్గట్టి, వొంగుని, టబ్బులోంచి చెంబుతో నీళ్లు తోడి అక్వేరియంలో పోస్తున్నాడు. తోడుతున్నాడు, పోస్తున్నాడు, తోడుతున్నాడు. అమ్మ ఒక చేత్తో ఫోను టార్చి పట్టుకుని, రెండో చేత్తో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "నిదానంగా పొయ్యవయ్యా, వాటి నెత్తి మీద పోస్తావేం" అంటోంది. టబ్బుకి దగ్గరున్న బస్తాలని పక్కకి లాగేశారు. ఆ లాగడంలో లేచిన ఘాటుకి నాకు గడపలోనే తుమ్ము వచ్చింది.

"వచ్చావా! ఉప్పెన తెచ్చావు కదరా ఇంట్లోకి!" అని అరిచాడు నాన్న, చెంబు ఆపకుండానే.

"ఉప్పెన టబ్బులోంచి రాదు నాన్నా. ఏమైంది?"

"కరెంటు పోయింది, మోటారాగింది, టబ్బు పొంగడం మొదలెట్టింది. తోడి పైన పోస్తే తగ్గుతుందనుకున్నా. తగ్గట్లా! ఎంత తోడినా అంతే. ఎక్కణ్ణుంచి వస్తన్నాయిరా ఇన్ని నీళ్లు?"

"నువ్వు పోసినవే."

"ఆఁ?"

"నువ్వు పైన పోస్తున్నావు. అవి పైపులోంచి కిందికొస్తున్నాయి. మళ్లీ నువ్వు తోడి పైన పోస్తున్నావు."

చెంబు గాల్లో ఆగింది. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. అమ్మ వైపు తిరిగి, "ఎంతసేపట్నించి తోడుతున్నానే?" అన్నాడు.

"ఆగకు, అంచుకొచ్చింది!" అంది అమ్మ. ఆయన మళ్లీ తోడటం మొదలుపెట్టాడు. పద్ధతి తప్పని తెలిసినా, ఆగితే టబ్బు పొంగుతుంది కాబట్టి తోడక తప్పదు.

నేను వెళ్లి మోటారు పైపు కొస నీళ్లలోంచి పైకి లాగాను. గుర్రుమని గాలి పీల్చుకుని ఆగిపోయింది. టబ్బులో మట్టం నిలబడిపోయింది. నాకొకటే అర్థం కాలేదు. బెజ్జం పెట్టాను కదా. గాలి ఎందుకు దూరలేదు?

అమ్మ టార్చి ఇటు తిప్పింది. నేను పెట్టిన బెజ్జం మీద నల్లటి సైకిలు ట్యూబు ముక్క. మూడు చుట్లు చుట్టి, లాగి, ముడేసి ఉంది. పొలాల్లో పైపు ఎక్కడ కారినా మావాళ్లు కట్టే కట్టు. మా చేలో అలాంటి కట్లు లేని పైపు ఒక్కటి కూడా లేదు.

"ఇదెవరు కట్టారు?" అని అడగాల్సిన పనే లేదు. అయినా అడిగాను.

"లీకవుతుంటే కట్టా," అన్నాడు నాన్న. "సన్నగా చిమ్ముతోంది. కాయల మీద పడుద్దని కట్టా. నువ్వు చూసుకోవు, నేను చూసుకోవద్దా? లీకు కడితే కూడా తప్పేనా?"

"అది లీకు కాదు నాన్నా. కావాలని పెట్టిన బెజ్జం."

"పైపుకి కావాలని బొక్క పెట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తన్నా."

"మీ నాన్నకి ఎక్కడ బొక్క కనపడినా కట్టెయ్యాలి," అంది అమ్మ. "నా ముక్కుపుడక జోలికి రాలేదు, సంతోషించు."

నేను ట్యూబు ముక్క విప్పి పైపు మళ్లీ నీళ్లలోకి దించుతుంటే అమ్మ టార్చి వెలుగు అక్వేరియం మీద ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి చూడు."

చేపలు రెండూ పైకొచ్చేశాయి. బస్తాలు లాగినప్పుడు లేచిన పొడంతా నీళ్ల మీద వాలింది. ఇందాకటిదాకా చెంబుతో పోస్తున్న నీళ్లు ఆ పొరని చీలుస్తూ ఉన్నాయి. పోత ఆగేసరికి అది కట్టుకుపోతోంది, మునుపటికంటే దట్టంగా. చిన్నచేప ఒక పక్కకి ఒరుగుతూ, మళ్లీ నిలదొక్కుకుంటూ ఉంది.

"పొయ్యి," అంది అమ్మ.

"ఏంటి పోసేది? ఇప్పుడేగా వాడు ఆపిందీ?" అన్నాడు నాన్న.

"ఇందాక నువ్వు పోస్తన్నంతసేపూ బాగున్నాయయ్యా. పొయ్యి!"

ఆమె చెప్పింది నిజం. తెలియక చేసినా, ఆయన చేసింది సరిగ్గా మోటారు చేసే పని. అక్వేరియం పైదాకా నిండితే పొర ఓవర్‌ఫ్లో పైపులోంచి దిగిపోతుంది, కింద తోడి మళ్లీ పైన పోస్తే ఆ తిరుగుడు ఆగదు. కరెంటు వచ్చేదాకా ఎవరో ఒకరు మోటారు కావాలి. నేను చెంబు కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. "నీకు లయ తెలవదు" అన్నాడు.

తోడాడు, పోశాడు. నీళ్లు అంచుకి రాగానే నేను గాట్లు పెట్టిన మూతి గుటక వేసింది. ఎర్రపొర కదిలి, ఒక మూలకి నడిచి, పైపులోకి జారింది. మా నాన్న అది చూశాడు. "ఓహో" అన్నాడు మెల్లగా. నేను చెప్పినప్పుడు అననిది. ఆ తర్వాత చెంబు ఎత్తు తగ్గించి, ధార సన్నగా, గాజు మీదుగా జారేలా పొయ్యడం మొదలుపెట్టాడు. వంగనారుకి పోసినట్టు.

అప్పుడు నేను చూడకూడనిది చూశాను. గోడవారగా అడుగున ఉన్న బస్తా మూల నల్లగా ఉంది. వేలు పెట్టాను. తడి. నేను రాకముందే టబ్బు ఒకసారి అంచు దాటినట్టుంది. గోనె పీల్చుకుంది. దాచినా దాగదు, రెండు రోజుల్లో వాసన చెప్పేస్తుంది.

"నాన్నా, ఒక బస్తా తడిసింది."

ఆయన తల తిప్పలేదు. చెంబు నడుస్తూనే ఉంది. అమ్మ టార్చి బస్తా మీదకి వేసి, నా మీదకి వేసి, ఆయన మీదకి వేసింది.

"ఒక్క చుక్క పడితే కాలవలో కుమ్మరిస్తానన్నావుగా," అంది. "కుమ్మరించి వస్తావా? ఇప్పుడెళ్తావా, కరెంటొచ్చాక వెళ్తావా?"

"కనపడట్లా?" అని కసిరాడు నాన్న. "చేతులు ఖాళీ ఉన్నాయా నాకు?"

కరెంటు వెంటనే రాలేదు. పత్తి లోడు మీద వైరు ఎవరు తియ్యాలనే దాని మీద ఊరి మొదట్లో చర్చ నడుస్తున్నట్టు అరుపులు వినపడుతున్నాయి. మధ్యలో నేను, అమ్మ, ఆయనా వంతులేసుకున్నాం. నా వంతులో ఆయన పక్కన నిలబడి "అంత ఎత్తునుంచి కాదు", "అదీ, అలా" అంటూ నేర్పాడు. అమ్మ వంతులో మాత్రం బుద్ధిగా టార్చి పట్టుకున్నాడు, నేర్పడానికి ధైర్యం చాలక. ఒకసారి చేపలని పరీక్షగా చూసి, "వీటిలో మగదేది?" అని అడిగాడు.

"చిన్నది. పెద్దది ఆడది. అదే పెత్తనమంతా."

ఆయన చిన్నచేపని చాలాసేపు చూశాడు. దాని వైపు ఇంకో చెంబు పోశాడు.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ గురగురమంది, టబ్బులో మోటారు "గుయ్"మని లేచింది. ట్యూబు ముక్క లేని బెజ్జంలోంచి సన్నటి ధార చిమ్మి గాజు మీద పడింది. మా నాన్న దాన్ని చూశాడు. చెయ్యి అటు వెళ్లబోయింది. ఆపుకున్నాడు. ఆయన అంత కష్టపడి ఏదన్నా ఆపుకోవడం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆయన చేతులు ఖాళీ. ముగ్గురం తడిసిన బస్తా చుట్టూ నిలబడ్డాం. ఆయన కుట్టు విప్పి, చెయ్యి లోపలికి పెట్టి, తడి కాయలు దోసెడు తీసి వెలుగులో చూశాడు. వాసన చూశాడు. మొహంలో ఏమీ తెలియలేదు. నేను మనసులో కాలవకి ఏ దారిన వెళ్తాడా అని ఆలోచిస్తున్నాను. అక్వేరియం ఒక్కడే మొయ్యలేడు. పట్టుకోమని నన్నే అడుగుతాడు.

"ఒరేయ్, పట్టు," అన్నాడు.

"నాన్నా..."

"బస్తా పట్టరా. ఇవన్నీ లోపల గదిలో పెట్టాలి. నీళ్ల పక్కన కాయలు పెట్టుకునే వెధవ పని ఎవడన్నా చేస్తాడా?"

ఆ మాట ఆయన నన్ను తిట్టినట్టే అన్నాడు. సంవత్సరాలుగా బస్తాలు అక్కడ పెట్టేది తానేనన్న సంగతి నేను గుర్తుచెయ్యలేదు. బస్తా చివర పట్టుకున్నాను. తడిసిన కాయలు మర్నాడు పట్టా మీద విడిగా ఆరాయి. రంగు పోయినవి ఇంటి వాడకానికి తీశాడు. అమ్మ వాటిని చేప మురికి అంటిన కాయలంది, వంటింట్లోకి రానివ్వలేదు. అవి చాలా రోజులు వసారాలో సోఫా మీద కూర్చున్నాయి.

మిగతా బస్తాలన్నీ మా అమ్మానాన్నల గదిలో, ఫ్యాను కింద, మంచం చుట్టూ పేర్చాం. మంచం మీద కూడా నాలుగు. దాంతో వాళ్లిద్దరూ చాపలు తీసుకుని హాల్లోకి, అక్వేరియం పక్కకి వచ్చేశారు. మోటారు రొదకి నిద్ర పట్టట్లేదని మా నాన్న రోజూ పొద్దున్నే ఊరందరికీ వినపడేలా చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి, దాని పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు. నేను సాక్సు మార్చడానికి మోటారు ఆపాను. గురక ఆగింది. బోరు మోటారు ఆగితే చేలో పాకలోంచి లేచి పరిగెత్తే మనిషి. కళ్లు కూడా తెరవకుండా చెయ్యి చాపి, నేల మీద చెంబు కోసం వెతుకుతున్నాడు.

"కరెంటు పోలేదు నాన్నా, నేనే ఆపాను."

"చెప్పి ఆపాలి," అని అటు తిరిగి పడుకున్నాడు.